ఖాళీ గదిలో పరీక్ష

ఆఫీసులో ఆమెను అందరూ జల్లెడక్క అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఎవరికీ గుర్తులేదు. మొదటిసారి ఎవరో ఎదురుగానే నోరు జారితే ఆమె కోప్పడలేదు. తలెత్తి, కళ్ళజోడు పైకి తోసుకుని, "జల్లెడైతే మంచిదే, చిల్లులు ఒకే కొలతలో ఉంటాయి" అంది. అప్పటినుంచి ఆ పేరు ఆమె కుర్చీలాగే ఆమెదైపోయింది.

ఆమె చేసే పని వినగానే అర్థమయ్యేది కాదు. ఇప్పుడు ప్రోగ్రాములు రాసే చోట మనిషి పక్కన ఏజెంట్ అనే మరో ప్రోగ్రాం ఉంటోంది. ఏం కావాలో మామూలు మాటల్లో చెబితే చాలు, అదే ఫైళ్ళు తెరిచి, కోడ్ రాసి, నడిపి చూసుకుని, తప్పులు దిద్దుకుంటుంది. తెలివికి లోటు లేదు. అయితే ఈ ఆఫీసులో ఏ పని ఏ పద్ధతిలో చేస్తారో దానికి తెలియదు. అందుకని ఒక్కో రకం పనికి ఒక్కో సూచనల కాగితం రాసి దాని ముందు ఉంచుతారు. ఆ కాగితాన్ని అందరూ స్కిల్ అంటారు. పని అందగానే ఏజెంట్ ఆ కాగితాల మీద, ఏది ఏ పనికో చెప్పే తలవాక్యాలు చూసుకుని, తనకు కావలసినది తెరిచి చదువుకుని, ఆ తర్వాతే చేయి పెడుతుంది. ఆ కాగితాల్లో ఏది పనికొస్తుంది, ఏది పనికిరాదు అని తేల్చేది జల్లెడక్క.

"మా పెద్దకోడలు మెషీన్‌కి పాఠాలు చెప్పేవాళ్ళ పేపర్లు దిద్దుతుంది," అని వాళ్ళ అత్తగారు మెట్ల దగ్గర కనిపించిన వాళ్ళందరికీ చెబుతుంది. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో పనిచేసిన మనిషి. ఊరందరి మాటలూ చెవిలోంచి పోనిచ్చి ఒక్కటీ నోటిలోంచి రానివ్వకుండా ఉద్యోగం చేశానని ఆవిడకు గర్వం. ఆ నోరు కట్టేసుకున్న కాలమంతటికీ ఇప్పుడు వడ్డీతో సహా మాట్లాడుతోందని ఇంట్లో వేళాకోళం.

జల్లెడక్క ఒకప్పుడు తనే కోడ్ రాసేది. తర్వాత ఇతరులు రాసింది చదివి మంచిచెడ్డలు చెప్పే పనికి వచ్చింది. అక్కడే తనకు ఏది ఇష్టమో తెలిసింది. ఇతరుల వాక్యంలో సన్నటి పగులు కనిపించినప్పుడు ఆమె లోపల ఏదో చల్లగా మేలుకునేది, మబ్బుపట్టిన గదిలో కిటికీ రెక్క తెరిచినట్టు. ఏజెంట్లు వచ్చిన కొత్తల్లో ఉద్యోగాలు పోతాయని ఆఫీసు అంతా ముఖాలు వేలాడేసుకుని తిరుగుతుంటే, ఆమె మాత్రం ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయింది. దీనికి చెప్పే మాట సరైనదేనని ఎలా తెలుస్తుంది? ఎవరూ జవాబు చెప్పలేదు. కాబట్టి ఆ ప్రశ్నను ఆమే ఇంటిపేరులా తగిలించుకుంది.

ఆమె పద్ధతి ఒక్కటే. కాగితం ఎంత బాగుందో చదివి చెప్పడం కాదు, ఖాళీ గదిలో పెట్టి చూడాలి. ఖాళీ గది అంటే నిజంగా గది కాదు. ముందు ఎవరూ ఏమీ మాట్లాడని, ఏ సంగతీ చెవిన పడని కొత్త సంభాషణ. అక్కడ ఏజెంట్‌కి స్కిల్ ఇచ్చి పని చెబుతుంది. అదే పని స్కిల్ లేకుండా ఇంకో ఖాళీ గదిలో చెబుతుంది. ఏజెంట్ ప్రతిసారీ ఒకేలా నడవదు కనుక మళ్ళీ మళ్ళీ చేయిస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి, ఈ కాగితం వల్ల పని మెరుగైందా, అలాగే ఉందా, చెడిందా అని చూస్తుంది. "రాసినవాడి మొహం చూసి పాస్ చేయడానికి ఇది పెళ్ళిచూపులు కాదు" అనేది ఆమె మాట.

ఆ మాట ఆమె మెడకే చుట్టుకుంది, తోడికోడలి కాగితం వచ్చినప్పుడు.

ఇంట్లో ఇద్దరు కోడళ్ళు. ఇద్దరిదీ ఒకే ఆఫీసు, ఒకే బస్సు, ఒకే వంటగది. చిన్నకోడలిని ఆ ఉద్యోగంలోకి రమ్మని చెప్పిందీ, మొదటి పాఠాలు నేర్పిందీ జల్లెడక్కే. ఒకరు వాక్యం మొదలుపెడితే రెండోవారు ముగిస్తారు. "ఆ నీలం..." అని ఒకరంటే "ఉతికేశాను" అని రెండోవారంటారు. వాళ్ళ భర్తలు ఆ మాటలు విని ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అన్నదమ్ములై పుట్టినా వాళ్ళిద్దరి మధ్య అంత పొత్తు లేదు.

చిన్నకోడలు రాసింది బ్లడ్‌బ్యాంకు కోసం. ఊళ్ళో రక్తం ఇచ్చినవాళ్ళ వివరాలు, వాళ్ళిచ్చిన రక్తపు సంచుల వివరాలు ఉండే పట్టికలు ఏళ్ళ తరబడి చిందరవందర అయ్యాయి. ఒకే మనిషి రెండుసార్లు నమోదై ఉంటాడు. ఒక సంచి ఏ దాతదో తెలియకుండా ఉంటుంది. వాటిని ఏజెంట్ చేత సరిచేయించడానికి ఆమె ఒక స్కిల్ రాసింది. అది ఆమె సొంతంగా రాసిన మొదటి పెద్ద పని. వచ్చే వారం బ్లడ్‌బ్యాంకు వాళ్ళు దాన్ని చూస్తారు. వాళ్ళు చూడాలంటే ముందు జల్లెడక్క ఒప్పుకోవాలి.

మేనేజరు కాస్త నీళ్ళు నమిలాడు. "ఇది ఇంకెవరి చేతైనా చూపిద్దామా? ఇంటి విషయం కదా..."

చిన్నకోడలే అడ్డుపడింది. "వద్దండీ. అక్కే చూడాలి. అక్క చూసిందంటే ఇంకెవరూ నోరెత్తరు."

పక్క బల్ల దగ్గరున్న బట్టతలాయన నవ్వాడు. "తోడికోడలి పేపరు తోడికోడలు దిద్దడమా! మార్కులు ఇంట్లోనే వేసుకుని వస్తారేమో."

"మా ఇంట్లో మార్కులు వేసేది మా అత్తగారు," అంది జల్లెడక్క తలెత్తకుండా. "ఆవిడ ఇంతవరకు ఎవరినీ పాస్ చేయలేదు."

ఆ సాయంత్రం బస్సులోనే ఆమె ఆ కాగితం చదివింది. చదువుతూ చదువుతూ కిటికీ బయట ఏ వీధి పోయిందో మరిచిపోయింది. వాక్యాలు కడిగి ఆరబెట్టిన గాజు గ్లాసుల్లా ఉన్నాయి. జంట పేర్లు ఎలా పట్టుకోవాలి, పుట్టిన తేదీ కలవకపోతే ఏం చేయాలి, బ్లడ్ గ్రూపు వేరైతే ఎందుకు ముట్టుకోకూడదు, అన్నీ ఒక్కొక్క అడుగుగా, తడబాటు లేకుండా ఉన్నాయి. దిగేముందు కాగితం మడిచి, "బాగా రాశావే" అంది. ఆ రెండు మాటలే. ఆమె నోట అవి ఎంత అరుదో తెలిసిన చిన్నకోడలు ఇల్లు చేరేదాకా నేలమీద నడవలేదు. గుమ్మంలోనే చెప్పేసింది. అత్తగారు ఫోనందుకుంది. రాత్రి భోజనాలయ్యేసరికి దూరపు బంధువులకు కూడా చిన్నకోడలు పాసైపోయింది.

మర్నాడు ఉదయం జల్లెడక్క ఖాళీ గది తెరిచింది.

పరీక్ష కోసం ఆమె దగ్గర ఒక బొమ్మ బ్లడ్‌బ్యాంకు ఉంది. అందులో ఉన్న దాతలు ఎవరూ నిజం కాదు. మనుషులను ఊహించే ఓపిక లేక ఇంట్లోవాళ్ళనూ వీధిలోవాళ్ళనూ మారుపేర్లతో చేర్చేసింది. అత్తగారు రెండుసార్లు ఉంది, కావాలనే. మధ్యలో ఒకచోట తేదీ ఉండాల్సిన గడిలో తేదీ కానిది పెట్టింది. నిజం పట్టికల్లో ఎప్పుడూ ఏదో ఒకటి అలా ఉంటుంది, నేల మీద కనిపించని గుండుసూదిలా.

ఏజెంట్ స్కిల్ చదివింది. చక్కగా మొదలుపెట్టింది. జంట నమోదుల్ని వెతికింది, కలపసాగింది. ఆ చెడ్డ తేదీ దగ్గరికి వచ్చి ఆగిపోయింది. ఆగిపోయానని నిజాయితీగా చెప్పింది కూడా. కానీ అప్పటికే సగం పట్టిక మారిపోయి ఉంది. వెనక్కి పోదామంటే పాత పట్టిక ఎక్కడా లేదు. అసలు పట్టిక మీదే పని చేసేసింది. అత్తగారి రెండు వరుసల్లో ఒకటి చెరిగిపోయింది. దాని కింద ఉన్న సంచులు రెండోదానికి ఇంకా చేరలేదు. ఆవిడ ఇచ్చిన రక్తం లెక్కలో లేకుండా పోయింది.

జల్లెడక్క మళ్ళీ చేయించింది. మళ్ళీ అంతే. ఇంకోసారి చేయించింది, అంతే. అప్పుడు స్కిల్ తీసేసి, వట్టి ఏజెంట్‌కి అదే పని చెప్పింది. అది ముందుగా పట్టికకు నకలు తీసుకుంది. నకలు మీద పని చేసింది. కాస్త తప్పులు చేసింది గానీ, తేదీ దగ్గర ఆగినప్పుడు నకలు పక్కన పెట్టి, అసలు పట్టిక చెక్కుచెదరకుండా ఉందని చెప్పింది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలింది. తోడికోడలి కాగితం పనికిరాకపోవడం ఒక్కటే కాదు. అది ఉండడం వల్ల పని చెడింది. ఆ అందమైన వాక్యాలు ఏజెంట్ చేయి పట్టుకుని తిన్నగా అసలు పట్టికలోకి నడిపించాయి. నకలు తీయమన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు.

నిన్న తన కళ్ళు ఏం చేశాయి? కాగితం మళ్ళీ తెరిచి చూసింది. నకలు తీయనిదే అసలు ముట్టుకోకూడదని తోడికోడలికి మొదటిరోజు నేర్పింది తనే. ఇద్దరికీ అది ఊపిరి పీల్చినంత అలవాటు. రాసిన మనిషికి రాయాలని తోచలేదు. చదివిన మనిషికి లేదని తోచలేదు. ఒకరి సగం మాటను రెండోవారు పూర్తిచేసే ఆ పొత్తే, కాగితంలోని ఖాళీని నింపేసింది. కొత్తవాళ్ళెవరు చదివినా ఆ ఖాళీలో కాలు పడేది. వాళ్ళిద్దరూ మాత్రం దాని మీదుగా నడిచిపోయారు.

మధ్యాహ్నం క్యాంటీన్ చివరి బల్ల దగ్గర చెప్పింది. టీ చల్లారిపోతోంది.

"ఫెయిల్," అంది.

చిన్నకోడలు నవ్వింది. జోక్ అనుకుంది. తర్వాత నవ్వు ఆగింది. "నిన్న బాగుందన్నావు."

"చదివి అన్నాను. ఇవాళ నడిపించాను."

"నా దగ్గర సరిగ్గానే చేసిందక్కా. ఎన్నిసార్లు చేయించానో! ప్రతిసారీ నకలు తీసుకుంది."

"నీ దగ్గర తీసుకుంది. ఆ సంభాషణలో ముందు నువ్వేం చెప్పావు?"

చిన్నకోడలు ఆలోచించింది. ఆలోచిస్తుంటే ముఖం రంగు మారింది. "మొదట్లో... అసలు పట్టిక జోలికి పోకు అన్నాను. మాటవరసకి."

"అదే నీ స్కిల్‌లో అసలైన వాక్యం. అది నీ నోట్లో ఉండిపోయింది, కాగితంలోకి రాలేదు. రేపు బ్లడ్‌బ్యాంకులో నువ్వుండవు కదా." కాస్త ఆగి, చెప్పక తప్పనిది కుండబద్దలు కొట్టినట్టు చెప్పేసింది. "ఇంకో సంగతి. నీ కాగితం లేకుండానే అది నయంగా చేసింది."

చిన్నకోడలు టీ గ్లాసు పక్కకు నెట్టింది.

"ఇంట్లో అందరికీ తెలిసిపోయాక చెబుతున్నావు," అంది చిన్నకోడలు లేచి. "అత్తయ్యకి నువ్వే చెప్పు."

ఆ సాయంత్రం ఇద్దరూ ఒకే బస్సులో వేర్వేరు సీట్లలో వచ్చారు. వంటగదిలో ఒకరు కూరగాయలు తరుగుతుంటే రెండోవారు గిన్నెలు సర్దారు. మాటలు లేని ఇల్లు ఎలా ఉంటుందో అత్తగారికి అలవాటు లేదు.

"ఏంటి, లైన్లు కట్టయ్యాయా?" అంది వంటగది గుమ్మంలో నిలబడి.

"అత్తయ్యా, తన పేపరు పాస్ కాలేదు. నిన్న నేను తొందరపడి బాగుందన్నాను. తప్పు నాది," అంది జల్లెడక్క.

"పైగా మిమ్మల్ని తుడిచేసింది," అంది చిన్నకోడలు, అలకలో కూడా ఆపుకోలేక.

"నన్నా?"

"మీరిచ్చిన రక్తమంతా మాయమైపోయింది. బొమ్మ పట్టికలోలెండి."

అత్తగారు కొంగు సర్దుకుంది. "నేనెప్పుడిచ్చానే రక్తం? నా దగ్గర బీపీ తప్ప ఇచ్చేదేం లేదు." చిన్నకోడలు నవ్వు దాచుకోవడానికి కుళాయి తిప్పింది. అత్తగారు పెద్దకోడలి వైపు చూసింది. "సొంత ఇంటిపిల్లని తప్పించావన్నమాట. పోనీలే అని దాటవేయాలనిపించలేదూ?"

"అనిపించింది."

"మరి?"

"దాటవేస్తే రేపు దీని పేరు చెప్పుకుని నేను తలెత్తుకోలేను కదత్తయ్యా."

కుళాయి శబ్దం ఆగింది. చిన్నకోడలు తరిగిన కూరగాయల పళ్ళెం అందుకునేటప్పుడు విసురుగా లాక్కోలేదు.

రెండో కాగితం చిన్నకోడలు కోపంతో రాసింది. అది చూస్తేనే తెలుస్తోంది. ప్రతి వాక్యంలోనూ ఎప్పుడూ, ఎన్నడూ, ఎట్టి పరిస్థితుల్లోనూ. నకలు తీయాలి. తీసినట్టు చెప్పాలి. చెప్పినట్టు రాయాలి. రాసింది చూపించాలి. ప్రతి అడుగుకీ అనుమతి అడగాలి. మొదటి కాగితం గాజు గ్లాసులైతే ఇది తాళాల గుత్తి. జల్లెడక్క ఖాళీ గదిలో పెట్టి, తెర మీద ఒక అక్షరదోషం దిద్దమని చిన్న పని చెప్పింది. ఏజెంట్ పట్టికలన్నిటికీ నకళ్ళు తీసి, అనుమతి అడిగి, మళ్ళీ అడిగి, దిద్దాల్సిన అక్షరం దగ్గరికి చేరేసరికి తల ప్రాణం తోకకొచ్చింది.

"ఇదీ ఫెయిల్."

"ఏం చెప్పకపోయినా తప్పే, చెప్పినా తప్పే!" చిన్నకోడలి గొంతు ఆఫీసంతా వినిపించింది. బట్టతలాయన తన కీబోర్డును అతి శ్రద్ధగా తుడుచుకోసాగాడు. "ఏం రాస్తే నీకు సరిపోతుందో నువ్వే చెప్పరాదూ?"

ఆ వాక్యం జల్లెడక్క నాలుక చివరే ఉంది. చెప్పేస్తే నిమిషంలో అయిపోతుంది. చెబితే మాత్రం ఆ కాగితం తనదైపోతుంది. తోడికోడలికి ఒక సంతకం మిగులుతుంది, పని మిగలదు. పెదవి బిగించి ఒక్కటే అడిగింది. "అసలు పట్టిక ఎందుకు ముట్టుకోకూడదు?"

"పోతే మళ్ళీ రాదు కనుక."

"ఏది మళ్ళీ రాదు?"

చిన్నకోడలు సంచి భుజానికి తగిలించుకుని బయటికి వెళ్ళిపోయింది. మర్నాడు ఆఫీసుకి రాలేదు. బ్లడ్‌బ్యాంకుకు వెళ్ళానని మేనేజరుకు చెప్పి పంపింది. ఆ రోజంతా జల్లెడక్కకు పక్క కుర్చీ ఖాళీగా తిరుగుతూ ఉన్నట్టనిపించింది. తను మరీ బిగించానా? పరీక్ష పెట్టే మనిషికి దొరికే ఒంటరితనం కిటికీ అద్దం మీద ఆవిరిలా వచ్చి కూర్చుంది. తుడిచినా మళ్ళీ వచ్చింది.

మూడో కాగితం ఆ మరుసటి ఉదయం బల్ల మీద ఉంది. సగానికి సగం తగ్గింది. ఆజ్ఞలు కొన్నే మిగిలాయి. వాటికి ముందు ఈ మాటలున్నాయి:

"ఈ పట్టికలో ప్రతి వరుసా ఒక మనిషి చేయి చాపి ఇచ్చినది. ఇది పోతే, వాళ్ళను వెతికి మళ్ళీ అడగలేం. ఒక సంచి తప్పు మనిషికి చేరితే ఆ తప్పును కనిపెట్టడానికి మిగిలేదీ ఈ వరుసే. అందుకని వరుసలను మార్చే ఏ పనైనా ముందు నకలు మీద చేసి, లెక్క సరిపోయాకే అసలు మీద చెయ్యి. వరుసలను తాకని పనికి ఈ శ్రమ అవసరం లేదు."

జల్లెడక్క రెండోసారి చదవకుండా తనను తాను ఆపుకుంది. ఇష్టపడే కళ్ళను నమ్మకూడదని ఈ మధ్యే నేర్చుకుంది. ఖాళీ గది తెరిచింది. నకలు. ఆగడం. లెక్క చూసుకోవడం. మళ్ళీ చేయించినా అదే. అక్షరదోషం పని చెబితే ఒక్క అడుగులో దిద్దేసి పక్కకు తప్పుకుంది. స్కిల్ లేని గదినీ, ఉన్న గదినీ పక్కపక్కన పెడితే తేడా పొద్దుకీ చీకటికీ ఉన్నంత ఉంది. కారణం తెలిసిన ఏజెంట్, చెప్పని చోట కూడా చెప్పినట్టే నడిచింది.

ఒప్పుకుంటున్నానని రాయబోయింది.

"ఆగక్కా," వెనకనుంచి చిన్నకోడలు. "రాయకు."

"పాసైందే పిల్లా."

"నీ ప్రశ్నలకి పాసైంది. నీ ప్రశ్నలు చూశావా ఎప్పుడైనా?" కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. కళ్ళలో అలక లేదు, ఇంకేదో ఉంది. "'దాతల పట్టికలో రెండుసార్లు నమోదైన వ్యక్తులను గుర్తించి కలుపుము.' బ్లడ్‌బ్యాంకులో ఇలా ఎవరు మాట్లాడతారు? నిన్నంతా కౌంటర్ వెనక కూర్చున్నాను. ఒకరు ఫోన్ చెవి కింద నొక్కిపట్టుకుని టైపు చేస్తారు. ఇంకొకరు చేతి తొడుగులతోనే. 'ఈవిడ రెండుచోట్ల కనబడుతోంది చూడు' అంతే. అంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాయరు. నేను మాటవరసకి చెప్పింది కాగితంలో లేదని నన్ను ఫెయిల్ చేశావు. నీ ప్రశ్నల్లో నువ్వే ఉన్నావు కదా, చదువుకున్నదానివి, తీరిగ్గా కూర్చున్నదానివి."

జల్లెడక్క కళ్ళజోడు తీసింది. ఇన్నేళ్ళలో ఎవరూ ఆమె పరీక్షకు పరీక్ష పెట్టలేదు. ఒంట్లో ఎక్కడో, పగులు కనిపించినప్పుడు మేలుకునే ఆ చల్లదనం మేలుకుంది. ఈసారి పగులు తనలో. అది చూపించిన చేయి తను నేర్పిన చేయి.

"పాసైన నీ పేపరుని నువ్వే మళ్ళీ గండంలో పెడుతున్నావు, తెలుసా?"

"తెలుసు. పెట్టు."

ఆమె విని తెచ్చిన మాటలన్నీ ఖాళీ గదిలో పెట్టారు. చాలావాటికి ఏజెంట్ సరిగ్గానే నడిచింది. "ఈవిడ రెండుచోట్ల కనబడుతోంది" అన్నదానికి మాత్రం అది స్కిల్ తెరవనే లేదు. ఆ కాగితం తలవాక్యంలో పట్టికలు, నమోదులు అన్న మాటలే ఉన్నాయి. కౌంటర్ దగ్గరి ఆదరాబాదరా మాటకూ దానికీ చుట్టరికం ఉందని ఏజెంట్‌కి తట్టలేదు. చిన్నకోడలు "చూశావా" అని బల్ల చరిచింది, తన కాగితమే తప్పిందన్నది మరిచిపోయి. ఇద్దరూ కలిసి పగలబడి నవ్వారు. బట్టతలాయన ఇటు తిరిగి, "ఫెయిలైతే నవ్వుతారేంటండీ?" అని అడిగాడు.

తలవాక్యం చిన్నకోడలే మార్చింది. దాతల గురించిగానీ సంచుల గురించిగానీ ఎవరు ఏ మాటల్లో అడిగినా, అది సరిచేయమని అనకపోయినా, ముందు ఈ కాగితం తెరవమని రాసింది. ఆ తర్వాత తప్పలేదు. జల్లెడక్క అప్పుడు ఒప్పుకుంది. ఒప్పుకుని, తన పాత ప్రశ్నలన్నీ పక్కనపెట్టి, తోడికోడలు తెచ్చిన ప్రశ్నలను ముందు వరుసలో చేర్చింది. ఇకమీదట ఆ ఆఫీసులో ఎవరి స్కిల్ అయినా ముందు వాటిని దాటాలి.

అనుకున్న వారం ఇద్దరూ బ్లడ్‌బ్యాంకుకు వెళ్ళారు. అక్కడ నిల్వల గది చూసే పెద్దావిడ ముక్కుసూటి మనిషి. గదిలో పెద్ద ఫ్రిజ్‌ల హోరు. ఆవిడ నిలబడే, పరీక్ష కోసం పెట్టిన తెర మీద టైపు చేసింది. వాళ్ళిద్దరూ ఊహించనిది అడిగింది. "పాత ఫ్రిజ్ తీసేస్తున్నాం దాని సంచులన్నీ కొత్తదాంట్లో వేసెయ్."

చిన్నకోడలు తెర దగ్గరికి జరిగింది. ఫ్రిజ్ మార్చడం గురించి ఆ కాగితంలో ఒక్క ముక్క లేదు.

ఏజెంట్ స్కిల్ తెరిచింది. నకలు తీసింది. నకలులో సంచులు మార్చి, లెక్క చూసుకుని ఆగిపోయింది. పాత ఫ్రిజ్ కింద ఉన్నట్టు రాసి ఉన్న సంచుల్లో కొన్ని ఇదివరకే రోగులకు ఎక్కించినవని, వాటినీ మారిస్తే అవి ఇంకా ఉన్నట్టు కనిపిస్తాయని, ప్రతి వరుసా ఒక మనిషి ఇచ్చినది కనుక అడగకుండా ముట్టుకోలేదని రాసింది. అసలు పట్టిక అలాగే ఉంది.

పెద్దావిడ వంగి చదివింది. మళ్ళీ చదివింది. "మా కొత్తవాళ్ళు కూడా ఇక్కడ ఆగరు," అంది. "దీనికి ఎవరు నేర్పారు?"

చిన్నకోడలు అక్క వైపు చూసింది. జల్లెడక్క అప్పటికే ఒక అడుగు వెనక్కి వేసి గోడకు ఆనుకుంది. "ఈవిడ," అంది, చేయి చాపి. "మొత్తం ఈవిడే."

పెద్దావిడ తల పంకించింది. "సోమవారం నుంచి మొదలుపెట్టండి."

బయట ఎండ మెత్తగా ఉంది. వీధి అప్పుడే కడిగినట్టుంది. చిన్నకోడలు నాలుగడుగులు ముందు నడుస్తూ అత్తగారికి ఫోన్ చేసింది. దారిన పోయేవాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా మాట్లాడుతోంది.

"ఆఁ, ఒప్పుకున్నారత్తయ్యా! ... కాదు, ఊరికే ఒప్పుకోలేదు... అక్క నన్ను రెండుసార్లు ఫెయిల్ చేసింది తెలుసా? రెండుసార్లు! ... మీరు అందరికీ అది కూడా చెప్పండి. పాసైందని ఒక్కటే చెబితే ఏముంది, ఎవరైనా పాసవుతారు. అక్క దగ్గర రెండుసార్లు తప్పి పాసైందని చెప్పండి!"

వెనక నడుస్తున్న జల్లెడక్క కళ్ళజోడు మసకబారింది. తుడుచుకోలేదు. అలాగే, మసకగా, చేతులు ఊపుతూ ముందు పోతున్న ఆ ఆకారాన్ని చూసుకుంటూ, కావాలనే కాస్త నెమ్మదిగా నడిచింది.